కట్టెలు తీసే చెయ్యి

మా ఆయన సెంట్రింగు మేస్త్రి. స్లాబు పోసే ముందు కింద పలకలు పరిచి, వాటికి ఆసరాగా సర్వి కట్టెలు నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక ఆ కట్టెలు ఊడదీయడం ఆయన పని. నేను నాంపల్లిలో మిషన్ బడిలో చిన్నపిల్లల టీచరును. "టీచరమ్మ పోయి పోయి మేస్త్రిని చేసుకుంది" అని మెదక్ వైపు మా చుట్టాలు చాలాకాలం చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ, నాకేం! నా నోటికి భయపడి ఎదురుగా ఒక్కరూ అనలేదు.

స్టేషను వెనక వరసగా ఉన్న గదుల్లో రెండు మావి. ఒకదాంట్లో మేమిద్దరం, పక్కదాంట్లో మా మరిది, అతని భార్య. మరిది ఊరి నుంచి వచ్చి అన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను చెప్పబోయే చలికాలానికి ముందు ఎండాకాలమే జోగిపేట పిల్లతో పెళ్లయింది. ఆ పిల్ల నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. మరిదికి నన్ను ఏడిపించకపోతే తెల్లవారేది కాదు. "వదినా, నీ చాయల నీళ్లెక్కువ. గిదే లెక్కల కాంక్రీటు కలిపితే సర్కారు జైల్ల వేస్తది" అనేవాడు. గ్లాసు లాక్కోబోతే గటగటా తాగేసి వాకిట్లోకి ఉరికేవాడు.

మా ఆయనకు ఇంట్లో తన చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తుండదు. సైటు మీద మాత్రం ప్రతి మేకూ గుర్తే. శనివారం బడి ఒంటిపూట కావడంతో నేను అన్నం గిన్నె పట్టుకుని ఆబిడ్స్ దాకా నడిచి వెళ్లేదాన్ని. స్లాబు పోసే రోజయితే మిక్సరు మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. ఆడవాళ్లు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతి నుంచి చేతికి అందించేవారు. వాళ్లు ఇనుప చువ్వల మీద నడిస్తే ఆయనకు ఒళ్లు మండేది. చువ్వలు కిందికి దిగబడితే స్లాబుకు బలం పోతుందని నడిచే దారంతా పలకలు వేయించేవాడు. "పలక మీద నడువుండ్రి, అమ్మలార! పలక మీద!" అని గొంతు పోయేలా అరిచేవాడు. సాయంత్రం ఆడవాళ్లందరికీ సిమెంటు తిన్న చేతులకు రాసుకోమని కొబ్బరినూనె ఇప్పించేవాడు. ఊడదీసిన పలకల్లో మేకులు అలాగే ఉంటే, అవి పీకించేదాకా ఎవర్నీ అన్నానికి వదిలేవాడు కాదు. అప్పట్లో తలకు టోపీలు, కాళ్లకు బూట్లు ఎవరెరుగుదురు? ఆయన కేకలే వాళ్లకు కాపలా.

వాళ్ల ముఠాలో ఒక కట్టుబాటు ఉండేది. కట్టెలు ఎవరు నిలబెట్టారో, తీసేటప్పుడు మొదటి సుత్తి దెబ్బ వాళ్లే కొట్టాలి. ఏ కట్టె కింద నేల మెత్తగా ఉందో, దేని కింద చెక్కముక్క ఎంత బిగించారో నిలబెట్టినవాడికే తెలుస్తుంది కనుక పూర్వం ఎవరో తెలివైనవాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. రానురాను అది పరువు వ్యవహారమై కూర్చుంది. ఒక మేస్త్రి సెంట్రింగు మీద వేరేవాడి చెయ్యి పడిందంటే, పొద్దున్నే కూలీలు చేరే అడ్డా మీద ఆ మేస్త్రి తలెత్తుకోలేడు. మా ఆయనకు ఆ పట్టింపు మరీ ఎక్కువ. జ్వరంతో మూలుగుతూ కూడా రిక్షాలో వెళ్లి మొదటి దెబ్బ కొట్టి వచ్చి మళ్లీ పడుకున్న రోజులున్నాయి. నేను తిడితే, "గది నా చెయ్యే. ఇంకోడు ఎట్ల ముట్టుకుంటడు?" అనేవాడు.

ఆ ఏడు చలికాలంలో గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్‌కు వచ్చే దారిలో ఒక బట్టల సేటు కొత్త దుకాణం కడుతున్నాడు. పాత హైదరాబాదు కుటుంబం, మర్యాదస్తుడు. దుకాణం పైన ఫుట్‌పాత్ మీదికి బాగా ముందుకు వచ్చే బాల్కనీ ఒకటి వేయించాడు. అలాంటి బాల్కనీకి ముందువైపు గోడ ఉండదు, స్తంభం ఉండదు. వెనకవైపు పట్టు మీదే మొత్తం బరువు ఆగాలి. అందుకని మామూలు స్లాబు కన్నా ఎక్కువ రోజులు కట్టెలు ఉంచాలి. పైగా చలికాలంలో సిమెంటు నిదానంగా గట్టిపడుతుంది, పైన గోనెసంచులు పరిచి రోజూ తడుపుతూ ఉండాలి. నెల తిరిగేదాకా ముట్టుకోవద్దని మా ఆయన ముందే చెప్పాడు.

ఇంతలో సేటు వాళ్ల అమ్మ దుకాణం తెరవడానికి ముహూర్తం పెట్టించింది. అది క్రిస్మస్‌కు ముందే వచ్చింది. బాల్కనీ కింద కట్టెలు సరిగ్గా ద్వారం ముందే నిలబడి ఉన్నాయి. కొత్త దుకాణంలోకి లక్ష్మీదేవి కట్టెల కింద తల వంచుకుని వస్తుందా అని ఆ పెద్దావిడ పట్టుబట్టింది. దుకాణం పని పట్టిన కంట్రాక్టరు మా ఇంటికే వచ్చాడు.

"జర సర్దుకో మేస్త్రీ. పెద్దామె వినకున్నది. నడిమిట్లవన్న తీస్తే ఏమైతది?"

"ఏమైతదో కింద నిలబడి చూస్తవా నువ్వు?" అన్నాడు మా ఆయన. "వెనుక తలుపున్నది, గాడికెళ్లి పూజ చేస్కోమను. నెల తిరగంది నేను సుత్తి పట్ట."

కంట్రాక్టరు చేతులు జోడించినట్టే జోడించి, సరే నీ ఇష్టమని వెళ్లిపోయాడు. ఇక ఆ సంగతి అయిపోయిందనుకున్నాం.

ప్రతి ఏడూ క్రిస్మస్‌కు వారం ముందు మా ఆయన ఊరికి వెళ్లి ప్రార్థన గుడి ముందు పందిరి వేసేవాడు. ఆ ఏడూ బయలుదేరాడు. బడి పరీక్షలున్నాయని నేను ఆగిపోయాను. నాకు మనసులో కీడు తోచి, "వెనక వీళ్లు కట్టెలు తీసేస్తేనో?" అన్నాను.

ఆయన నవ్వాడు. "నా చెయ్యి పడంది కట్టె కదలదు. గా ముఠాల ఎవడు ముట్టుకుంటడు? ఫికర్ చెయ్యకు." వాకిట్లో నిలబడ్డ తమ్ముడికి మళ్లీ చెప్పాడు. "దినాలు నిండలేదు, యాదుంచుకో. పొద్దుగాల, మాపటికి పైన గోనెలు తడుపు. వేరేటోని చెయ్యి పడనియ్యకు."

"ఔ అన్నా. నువ్వు పోయిరా" అన్నాడు మరిది.

ముహూర్తం రోజు పొద్దున నేను బడిలో ఎక్కాలు చెప్పిస్తున్నాను. తట్టలు మోసే ముఠా ఆడమనిషి ఒకావిడ గేటు దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నా వైపే చూస్తోంది. ఆమె చీర నిండా సిమెంటు దుమ్ము. "టీచరమ్మా, మీ మరిది... పెద్ద దవాఖానకు తీస్కపోయిన్రు" అంది.

దవాఖానకు రిక్షాలో పోతూ ఆమెను గుచ్చి గుచ్చి అడిగితే జరిగింది చెప్పింది. పొద్దున్నే కంట్రాక్టరు కాచిగూడ వైపు నుంచి వేరే ముఠాను తెచ్చి దుకాణం ముందు నిలబెట్టాడట. తడపడానికి వచ్చిన మరిది వాళ్లకు అడ్డం నిలబడ్డాడట. దినాలు నిండలేదని చాలాసేపు కొట్లాడాడట. అప్పుడు కంట్రాక్టరు, "నువ్వు తీయకుంటే వీళ్లు తీస్తరు. మీ అన్న ఇజ్జత్ నీ చేతుల్నే ఉన్నది. ఒక్క కడుపున పుట్టినోళ్లు, నీ చెయ్యి అయితేంది, ఆయన చెయ్యి అయితేంది?" అన్నాడట. మా ముఠాలో అందరికన్నా పెద్దవాడైన ముసలాయన కూడా తల ఊపి, తమ్ముని చెయ్యంటే అన్న చెయ్యే, తప్పు లేదు అన్నాడట. ఆ మాటతో మరిది చొక్కా విప్పి సుత్తి తీసుకున్నాడు.

పని మాత్రం అన్న నేర్పినట్టే చేశాడు. అందర్నీ రోడ్డు అవతలికి పంపించేశాడు. తాడు కట్టించి ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లను ఆపించాడు. బయటి అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి ఒక్కొక్క కట్టెనూ నెమ్మదిగా వదులు చేస్తూ వచ్చాడు. గోడ దగ్గరి వరస తీస్తుండగా బాల్కనీ వెనకవైపు పట్టు దగ్గర విరిగి మొత్తం కిందికి దిగింది. రోడ్డు అవతల నిలబడ్డ ఒక్కరికీ గీత కూడా పడలేదు. మరిది ఒక్కడే తప్పించుకోలేకపోయాడు.

అయ్యో, ఆ దవాఖాన వరండా ఇప్పటికీ నా కళ్లలోంచి పోదు. చెల్లె నేల మీద కూలబడి మొగుడి చొక్కా పట్టుకుని ఉంది. చొక్కా శుభ్రంగా ఉంది, విప్పి పక్కన పెట్టి పనిలోకి దిగాడు కదా. కంట్రాక్టరు ఒక మూల నిలబడి, "నేను బలవంతం చెయ్యలె అమ్మా, ఆయననే వచ్చి సుత్తి పట్టిండు" అన్నాడు. నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది. నలుగురూ చూస్తున్నారన్న సోయి కూడా లేకుండా వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. నీ కాళ్లకు మొక్కుతా, ఒక్కసారి లోపలికి పోయి మా మరిది కళ్లలోకి చూసి ఆ మాట చెప్పిరా అని అడిగాను. వాడు వెళ్లలేదు. సేటు మాత్రం గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నిలబడ్డాడు. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

మెదక్ బస్సు డ్రైవరుతో కబురు పంపితే మా ఆయన మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. పందిరి తాళ్లు ఇంకా భుజం మీదే ఉన్నాయి. మరిదికి తెలివి వస్తూ పోతూ ఉంది. అన్న గొంతు వినగానే కళ్లు తెరిచాడు. నొప్పి గురించి ఒక్క మాట చెప్పలేదు. ఏదో శుభవార్త చెప్పబోయేవాడిలా మొహం పెట్టాడు.

"అన్నా, వేరేటోని చెయ్యి పడనియ్యలె."

మా ఆయన మంచం దగ్గరికి జరిగాడు. పనిలో చిన్న తప్పు చేస్తే చెంప పగలగొట్టే మనిషి. వంగి తమ్ముడి నుదురు నిమురుతూ, "మంచిగ చేసినవ్ తమ్మీ. మస్తు మంచిగ చేసినవ్" అన్నాడు. ఆ సాయంత్రమే వాడు పోయాడు. ఆ ఏడు మాకు క్రిస్మస్ లేదు.

తర్వాత సేటే వచ్చి, బాల్కనీ మళ్లీ వేయమని మా ఆయన్ని అడిగాడు. ఆయన ఒప్పుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సిగ్గు లేదా నీకు? తమ్ముణ్ని మింగిన జాగల మళ్ల సుత్తి పట్టుకుని పోతవా?" అని ఇల్లు అదిరేలా అరిచాను.

"రేపు దాని కింద మనుషులు నడుస్తరు" అన్నాడు. "ఇంకెవడన్న తొందర్ల ఏస్తే?" తిండి సరిగ్గా తినడు, నిద్రపోడు, పొద్దున లేస్తే సైటు. మనిషి చిక్కి సగమయ్యాడు. పైన గోనెలు తానే తడిపేవాడు. ఆ పని ఇంకెవరికీ చెప్పలేదు.

నెల తిరిగింది. అయినా ఇంకొన్నాళ్లు ఆగాడు. ఆఖరికి కట్టెలు తీసే రోజు వచ్చింది. నేను కూడా వెళ్లాను. చెల్లె వస్తానంటే వద్దనలేక వెంట తీసుకెళ్లాను. ముఠా అంతా పక్కకు తప్పుకుని మొదటి దెబ్బకు ఆయన కోసం చూస్తోంది. ఆయన కట్టెలన్నీ ఒక్కొక్కటే ముట్టి చూశాడు, పైకి ఎక్కి చూశాడు, దిగాడు. సుత్తి కింద పెట్టేశాడు.

"దినాలు నిండినయ్. ఎవరన్న కొట్టుండ్రి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ముసలాయన, "గదెట్ల మేస్త్రీ? నీ చెయ్యి పడాలె గద" అన్నాడు.

"నా చెయ్యి లేదు, నీ చెయ్యి లేదు. గా కట్టుబాటు ఇయ్యాల్టి నుంచి బంద్. దినాలు నిండితే ఎవడన్న తీయొచ్చు. నిండకుంటే నేను గూడ తీయొద్దు."

చివరికి ఒక నడీడు మనిషి వచ్చి భయపడుతూనే దెబ్బ కొట్టాడు. కట్టెలన్నీ ఊడి వచ్చాయి. బాల్కనీ నిలబడింది. సేటు చేతులెత్తి ఆయనకు దండం పెట్టాడు. ముఠావాళ్లు మాత్రం మొహాలు మాడ్చుకుని వెళ్లిపోయారు. తమ్ముడు ప్రాణం పెట్టి నిలబెట్టిన కట్టుబాటును అన్న నడిబజారులో పారేశాడని అడ్డా మీద అనుకున్నారట.

ఇంటికి వచ్చాం. వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న మా ఆయన ఎదుటికి చెల్లె వచ్చి నిలబడింది. బావ ముందు ఎన్నడూ కొంగు సర్దుకోకుండా నిలబడని పిల్ల, ఆ రోజు ఆ సోయి కూడా లేదు.

"ఎవరన్న తీయొచ్చంటే, మరి ఆయన ఎందుకు పోయిండు బావా?"

చెంబు ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఏదో ఒకటి చెప్పి ఆ పిల్లను ఊరుకోబెడతాడనుకున్నాను. అలా చేయలేదు.

"తప్పు వానిది కాదు బిడ్డా. నేను వానికి రెండు మాటలు చెప్పి పోయిన. దినాలు నిండలేదన్న, వేరేటోని చెయ్యి పడనియ్యకన్న. రెండు నిలబెట్టుడు వానితోని కాలె. నా ఇజ్జత్ మాటనే పట్టుకున్నడు."

చెల్లె ఆయన చేతిలోంచి చెంబు అందుకుంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

"ఒక్క మాటనే చెప్పి పోకపోతివి బావా" అంది.