మసిలే నీళ్ళల్ల రియాల్ బిళ్ళ

భూమి మసులుతదని నాకెవ్వరూ చెప్పలేదు. ఆ పాఠం ఏ తరగతిలో ఉంటదో గని, అది రాకముందే నేనూ బడీ విడాకులు తీసుకున్నం. అందుకే లీత్ ఊరు దాటినంక ఆ కొండవాగులో పొగలు చూసి, ఎవరో పొద్దుగాల పొద్దుగాల చెత్త కాలవెడుతున్నరేమో అనుకున్న. దగ్గరికి పోయి చూస్తే నీళ్ళు. కట్టె లేదు, గ్యాస్ లేదు, కింద పొయ్యి లేదు. ఎసరు మాత్రం కుతకుత తెర్లుతున్నది. సౌదీలో అన్నేండ్లు ఉండి, ఈ దేశం నేలకింద ఆయిల్ ఒక్కటే దాచుకున్నదనుకున్నోడిని. నోరు తెరుచుకుని నిలబడ్డ.

అక్కడికి ఎందుకు పోయిన్నో ముందు చెప్పాలె.

అప్పట్ల జెద్దాలో ఒక చిన్న కంపెనీకి కోస్టర్ బస్సు నడుపుతుండె. కూలీలను రూముల నుంచి సైటుకు, సైటు నుంచి రూములకు తోలుడు, అంతే పని. రాబిగ్ దాకా గూడ తోలిన. ఆ తర్వాత నితాకాత్ వచ్చింది. నాకు అర్థమైనమటుకు అది ట్రాఫిక్ సిగ్నలే. కాకపోతే బండ్లకు కాదు, కంపెనీలకు. జీతం మీద సరిపడ సౌదీ మనుషులుంటే గ్రీన్, లేకపోతే రెడ్. రెడ్‌లో పడ్డ కంపెనీలో మన ఇకామా, అంటే మనల్ని ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. మా కంపెనీ రెడ్‌లో ఉండె. నా ఇకామా గడువు దగ్గరపడె. రోడ్డు మీద రెడ్ పడితే గ్రీన్ దాకా ఆగుతం. ఇక్కడ రెడ్ పడితే బండి దిగి ఇంటికే పోవాలె.

మా ఓనర్‌ను అందరం ముదీర్ అనేది. మంచోడే, కోపం రానప్పుడు. కోపం మాత్రం రోజూ వచ్చేది. సైట్లు మూతబడి కూలీల తోలకం తగ్గినంక ఆయనకొక ఆలోచన పుట్టింది. గవర్నమెంటు లెవీలు పడ్డంక పెండ్లాం పిల్లలకు తలకింత అని కట్టలేక, ఆఫీసుల్లో పనిచేసే ఫ్యామిలీలన్నీ ఒకటెనకొకటి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇండియాకు పోతున్నయి. ఉన్నన్నేండ్లు మాల్ తప్ప ఇంకోటి చూడనోళ్ళు, పోయే ముందు నెలలో దేశమంతా చూడాలని ఆరాటపడుతున్నరు. వాళ్ళను బస్సులో ఎక్కించుకుని వేడినీళ్ళ బుగ్గలు చూపిద్దామన్నది ముదీర్ ప్లాను. చూపించే గైడు సౌదీ మనిషే కావాలె. ఆ మనిషిని జీతం మీద పెట్టుకుంటే టూరూ నడుస్తది, కంపెనీ గ్రీనూ అయితది.

మనిషి దొరికిండు. ముదీర్ తల్లి తరఫు చుట్టం, ఆ వాగు పక్కనే పుట్టి పెరిగిన ముసలాయన. ఫోన్ చేసి ఉద్యోగం మాట చెప్తే ఆయన అవుననలేదు, కాదనలేదు. ముందు మనుషులను తీసుకురా, చూస్త అన్నడంట. ఆయనకు నచ్చితే సాయంత్రమే సంతకం పెట్టించుకుంట, మొట్టమొదటి రెన్యువల్ నీదే అని ముదీర్ నాతోని చెప్పిండు. దాని కింద ఇంకో మాట గూడ చెప్పిండు, నీ నోరు మాత్రం రూములో పెట్టి తాళమేసి రా అని. నా జోకులు ఆయనకు సగమే అర్థమయ్యేటివి. ఆ సగానికే ఆయనకు కోపమొచ్చేది.

బస్సులో ఎక్కినోళ్ళంతా ఒకే ఆఫీసు తెలుగు ఫ్యామిలీలు. ఎక్కువ ఆంధ్ర దిక్కోళ్ళు. విజయవాడ మేడమ్ ఒకామె అందరికీ లీడరు. జెద్దా దాటకముందే "డ్రైవర్ గారూ, అక్కడ వాష్‌రూమ్స్ నీట్‌గా ఉంటాయా అండీ" అని అడిగింది. వాష్‌రూము సంగతి తెల్వదు మేడమ్, గీజరు మాత్రం ఇరవై నాలుగు గంటలు నడుస్తదట అన్న. ముదీర్ తన కారులో ముందు పోతుండె కాబట్టి నా నోటికి తాళం ఇంకా పడలేదు.

వాగు మొదట్లోనే ముసలాయన మమ్మల్ని ఆపిండు. బక్కపలచటి మనిషి, గోరింటాకు పెట్టి ఎర్రగ చేసుకున్న గడ్డం, నడుముకు లుంగీ లాంటి గుడ్డ. ఆ లుంగీ కట్టు చూసి మా కరీంనగర్ బస్టాండులో ఎక్కడో చూసినట్టే అనిపించింది. ఆయన దారికి అడ్డం నిలబడి గట్టిగ ఒక పిలుపు పిలిచిండు. మీరు ఎవరు, ఏ మనసుతోని వచ్చిన్రు అని దాని అర్థమట. వచ్చినోళ్ళ తరఫున ఒకరు జవాబు చెప్పేదాకా లోపలికి అడుగు పెట్టొద్దు. ముదీర్ నా వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు నెట్టిండు. మేం మీ నీళ్ళు చూడవచ్చినోళ్ళం, మంచికే వచ్చినం అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పిన. ముసలాయన నా ముఖం కొంచెంసేపు చూసి పక్కకు జరిగిండు. తలుపు లేని జాగలో తలుపు తీసినట్టే అనిపించింది.

చాప మీద కూర్చోబెట్టి గావా, అంటే వాళ్ళ కాఫీ, పోసిండు. బుడ్డ కప్పులో అడుగున ఒక్క గుక్క. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలె, ఊపనోళ్ళకు మళ్ళ పోస్తనే ఉంటరు. ఈ సంగతి మేడమ్‌కు తెల్వదు. మర్యాదకు తాగుడు, ఆయన పోసుడు, మళ్ళ తాగుడు. చెమటలు పట్టినంక నా దిక్కు చూసింది. కప్పు ఊపండి మేడమ్, లేకపోతే రేపటిదాకా ఇదే నడుస్తది అని మెల్లగ చెప్పిన. ముసలాయన నవ్వు దాచుకున్నడు. ముదీర్ గూడ నవ్విండు. నా ఇకామా సగం రెన్యువల్ అయిందనుకున్న.

తర్వాత నీళ్ళ దగ్గరికి తోల్కపోయిండు. పోతుంటే చెప్పుల కింద నేల వెచ్చగ తగులుతున్నది. రాళ్ళకు తెల్లగ పసుపుగ పెచ్చులు, మురిగిన గుడ్డు వాసన. ఎక్కడ అడుగెయ్యాలెనో ఆయన కర్రతోని చూపెడుతున్నడు. ఒకసారి మేకపిల్ల జారి పడిందట. అయ్యో అని వంగేలోపలనే ఉడికిపోయిందట. ఆ మాటకు పిల్లలున్న తల్లులందరూ పిల్లల చేతులు పట్టుకున్నరు. నేను గూడ ఎవరిదన్న చెయ్యి పట్టుకుందామనుకున్న గని ముదీర్ చెయ్యి తప్ప ఇంకోటి అందుబాట్ల లేదు.

బుగ్గ కాడ ఆయన అందరినీ ఆపి, ముందు సలాం చెప్పిండు, నీళ్ళకు. కింద ఉండేటోళ్ళకు, అంటే జిన్నులకు, చెప్పకుండ పైన మనం పని మొదలుపెట్టొద్దట. వాళ్ళ నాయనమ్మ వాకిట్ల వేడినీళ్ళు పారబోసేటప్పుడు గూడ దేవుని పేరు తలిచి, కింద ఉన్నోళ్ళు కాలకుండ జరగండని చెప్పేదట. మా అవ్వ గంజి పారబోసేటప్పుడు చల్లనీళ్ళు కలిపేది, నేలతల్లికి కాలుతదని. ఆమె ఎన్నడూ మా మండలం దాటలేదు. ఈయన నాయనమ్మ ఈ వాగు దాటి ఉండదు. ఈ మాట ఎవరు ఎవరికి మోసిన్రో ఇప్పటికీ నాకు అంతుబట్టది.

ఆయన జల్లిగరిటెలో గుడ్లు పెట్టి నీళ్ళల్లకు దింపిండు. గుడ్డలో కట్టిన మాంసం తాడుతోని వదిలిండు. నేను బుగ్గ అంచు కాడ నిలబడి వంగి చూసిన. నడిమిట్ల అడుగు కనిపించలేదు. నల్లటి బొక్కలోంచి ఎవరో ఊపిరి తీస్తున్నట్టు నీళ్ళు పైకి లేస్తున్నయి, పడుతున్నయి. నా తలకాయలో ఒక్క ఆలోచన లేదు. ఒట్టి భయం, దానితోపాటు ఇంకేదో.

అప్పుడు నా చెయ్యి నన్ను అడగకుండనే జేబులోకి పోయింది. రియాల్ బిళ్ళ తీసింది. కండ్లకద్దుకున్నది. నీళ్ళల్ల ఏసింది.

బాసర పోయేటప్పుడు గోదారి బ్రిడ్జి రాంగనే మా అమ్మ నా చేతిలో పైస పెట్టేది. బస్సు కిటికీల్లోంచి అందరి చేతులు ఒక్కసారే బయటికొచ్చేవి. నేను గాదు ఏసింది, ఆ చెయ్యి ఏసింది. ఏసినంక తెలివికి వచ్చి, ఎవరన్నా చూసిన్రా అని తిరిగి చూస్తే మేడమ్ పర్సు తీస్తున్నది. ఆమె వెనక ఆమె భర్త. వాళ్ళ వెనక తతిమ్మా వాళ్ళు. కృష్ణ బ్రిడ్జి దాటినోళ్ళు, గోదారి బ్రిడ్జి దాటినోళ్ళు, ఒక్కరూ మిగలకుండ కండ్లకద్దుకుని టపటప బిళ్ళలు ఏసిన్రు. ఎందుకేస్తున్నమని ఒక్కరూ అడగలేదు.

ఏ దేశంలో ఉన్నం, ఎవరి నీళ్ళకు మొక్కుతున్నం. ముదీర్ ముఖం చూస్తే కంపెనీతోపాటు ఆయన గూడ రెడ్‌లో పడ్డట్టున్నడు.

ముసలాయన గరిటె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చిండు. "ఏం చేసినవు సదీక్?"

సదీక్ అంటే దోస్తు. ఆ మాట ఆయన నోట్లోంచి ఆ గొంతుతోని వింటే దోస్తీ ఏం కనిపించలేదు. జేబులకెల్లి జారిపడ్డదన్న.

"జారేటిది ముందు కండ్లకు అద్దుకుని జారుతదా? అందరి జేబులూ ఒక్కసారే చినిగినయా?"

ఇంక అబద్ధం దాగే జాగ లేదు. మా దిక్కు పెద్ద నది ఉన్నది, దాని మీదికెల్లి పోయేటప్పుడు అందరం ఒక బిళ్ళ ఇస్తం, చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది, మొక్కుడు అను, మర్యాద అను, నాకు గూడ సరిగ తెల్వదు అని చెప్పిన. జైలుకు పోతే బట్టలెట్ల అని గూడ ఆలోచించిన.

ఆయన వంగి నీళ్ళల్లకు చూసిండు, మళ్ళ నా దిక్కు తిరిగిండు.

"నీ నదికి నువ్వు ఏం ఇస్తవో నాకెందుకు. ఇది నా ఇల్లు. మా ఇంట్ల అన్నం తిన్నోడు పళ్ళెంల పైసలు ఏసిపోతడా?"

అది విన్నంకనే నాకు తెలిసింది, ఆయనకు కోపం మేం మొక్కినందుకు కాదు. చుట్టాలు ఇంటికొచ్చి బిల్లు కట్టినందుకు. ఇంత పెద్ద భయం పట్టుకుని నిలబడ్డోడిని, ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వలేదు.

ఆయన మళ్ళ గరిటె తీసుకుని, అంచు కింది రాతి గట్టు మీద ఆగిన బిళ్ళలను ఒక్కొక్కటే పైకి తీసిండు. చల్లనీళ్ళ కుండలో ముంచి, తుడిచి, రాతి మీద పెట్టిండు. ఎవరిది వాళ్ళు తీసుకోవాలె, తీసుకునేదాకా తిండి పెట్టనన్నడు. పెద్ద పెద్ద ఆఫీసర్లు లైన్ కట్టి, బడిలో తప్పు చేసిన పిల్లల్లెక్క ఎవరి రియాల్ వాళ్ళు తీసుకున్నరు. నాది చివరిది. దాన్ని ఆయనే నా చేతిలో పెట్టి పిడికిలి మూసిండు.

అంతటితోని అయిపోతే బాగుండు. కాని ఆయన నా పిడికిలి వదలకుండనే ముదీర్ దిక్కు తిరిగిండు.

"నువ్వు గూడ ఇదే అడుగుతున్నవు గద నన్ను. నెలనెలా ఈ నీళ్ళ మీద పైసలు తీసుకొమ్మని."

ముదీర్ తడబడ్డడు. అది వేరే, ఇది వేరే అన్నడు. అది జీతం, గవర్నమెంటు పద్ధతి అన్నడు. పనిచెయ్యకున్నా సరే పేరు ఒక్కటి ఇవ్వు చాలన్నడు. ముసలాయన ఆ మాటకే ఎక్కువ నొచ్చుకున్నడు. నీళ్ళు అమ్మనోడు పేరు అమ్ముతడా అన్నడు. అప్పుడు ముదీర్ నన్ను చూపించిండు. నువ్వు సంతకం పెట్టకపోతే ఈ మనిషి ఇకామా రెన్యువల్ కాదు, ఇంటికి పోవాలె అని.

ముసలాయన నా దిక్కు తిరిగిండు. నిజమేనా అని అడిగిండు. నిజమే అన్న. ఆ రోజు నేను జోకు కలపకుండ చెప్పిన మాట అదొక్కటే.

ఆయన కండ్లు మెత్తబడ్డయి. ముదీర్‌తోని అన్నడు, అట్లయితే నా పేరు రాసుకో, వారం వారం మనుషులను తీసుకురా, నేను సచ్చేదాకా ఈ నీళ్ళు చూపెడుత, ఈ సదీక్‌ను ఉంచు, నాకు మాత్రం ఒక్క రియాల్ వద్దు.

నా పానం లేచొచ్చింది. ముదీర్ తల దించుకున్నడు.

"జీతం తీసుకోకపోతే గవర్నమెంటు నిన్ను లెక్కల పట్టదు."

"అయితే నేను లెక్కల లేను" అన్నడు ముసలాయన. కోపంగ కాదు, వాన లేదన్నట్టు అన్నడు.

నేను ఆయన ముఖం చూసిన, ముదీర్ ముఖం చూసిన. ఉత్తగ చేస్త అంటున్న మనిషి మనిషి కాదట. నాకు చదువు లేక అర్థం కాలేదేమో అనుకున్న. బస్సులో వచ్చిన చదువుకున్నోళ్ళు గూడ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నరు. అంటే అది చదువుతోని అర్థమయ్యేది గూడ కాదు.

మాంసం ఉడికింది. ముసలాయన పెద్ద ముక్క నా ముందే పెట్టి తిను అన్నడు. తిన్న. మెత్తగ ఉండె, ఉప్పు సరిగ ఉండె. పోయేటప్పుడు ఆయన మళ్ళ వాగు మొదటిదాకా వచ్చి, నీకు ఇకామా ఉన్నా లేకున్నా ఈ జాగలో నువ్వు చుట్టానివే అని పంపిండు. చుట్టరికం ఉన్నది, కార్డు లేదు.

తిరుగు దారిలో ముదీర్ కారు ముందర, నా బస్సు వెనక. పొద్దు గుంకుతున్నది. ఆయన వెనక లైట్లు వేసిండు. ఎర్రగ కనిపిస్తున్నయి. జెద్దా దాకా వాటి వెనకనే నడపాలె.

మేడమ్ ముందుకొచ్చి "డ్రైవర్ గారూ, నెక్స్ట్ వీక్ మా ఫ్రెండ్స్ వస్తామంటున్నారండీ, ట్రిప్ ఉంటుందా" అని అడిగింది.

ఉంటది మేడమ్, ముసలాయన ఉంటడు, నీళ్ళుంటయి, డ్రైవరు సంగతే చెప్పలేను అన్న. ఆమె నవ్వింది. తప్పు పట్టబుద్ధి కాలేదు. పొద్దటి నుంచి నేను చెప్పినయన్నీ నవ్వే మాటలే గద.

జేబులో రియాల్ బిళ్ళ తొడకు తగులుతుంటే ఇంకా కాలుతున్నట్టే ఉండె. చల్లనీళ్ళల్ల ముంచి ఇచ్చిండు గద, ఎట్ల కాలుతదని స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి జేబులో పెట్టి చూసిన.

చల్లగనే ఉండె.