కూరగాయల కొట్టు పైన డాక్టరు

బ్యూనస్ ఐరిస్‌లో మా పేట మొత్తం మీద సైకాలజిస్టు లేని మనిషిని చూపించండి, క్లబ్బులో నా కుర్చీ ఇచ్చేస్తాను. సాయంత్రం వెళ్లి అక్కడ మనసు విప్పుతారు, మర్నాడు క్లబ్బుకొచ్చి మా ముందు అదే మనసు మళ్లీ విప్పుతారు. అందులో సిగ్గేమీ లేదు. సైకియాట్రిస్టు అనండి, అందరి గొంతులూ తగ్గిపోతాయి. మాట్లాడించే ఆవిడ దగ్గరికి వెళ్తే మర్యాద, మందు రాసే ఆవిడ దగ్గరికి వెళ్తే పిచ్చి. ఈ తేడా కనిపెట్టిన మహానుభావుడు ఎవడో గాని, నా కంటపడితే బాగుండదు.

దెల్మీరా మా క్లబ్బు వంటావిడ. యాభై దాటింది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. పోయిన చలికాలం పొయ్యి మీద నూనె మాడిపోతుంటే చూస్తూ అలాగే నిలబడిపోయింది. నేనే వెళ్లి పొయ్యి ఆపాను.

"నిద్ర లేదు, తిండి సయించదు. పొద్దున్నే ఎందుకు లేవాలో తెలీట్లేదు. ఇలాగే ఉంటే ఒకరోజు నేనుండను," అంది. నాకు భయం వేసింది.

వెంటనే ఆవిడ సైకాలజిస్టుకి ఫోను చేయించాను. "నా దగ్గరికి రావడం మానకండి. కానీ మందు అవసరమేమో చూడాలి, అది నేను రాయలేను. సైకియాట్రిస్టుని కలవండి, ఆలస్యం చేయొద్దు," అందట.

దెల్మీరా వాళ్ల అన్నయ్య అన్సెల్మోకి ఆ మాట మింగుడుపడలేదు. "వెళ్తే వెళ్లు. ఊరికి అవతల ఎవరినైనా చూసుకో. ఇక్కడ తెలిస్తే నీ చేతి వంట ఎవరు తింటారే?"

"మోకాలి నొప్పికైతే దాక్కుని వెళ్లమంటావా? లేచి నిలబడే ఓపిక లేదు నాకు. రెండు బస్సులు మారి నీ పరువు కూడా మోసుకెళ్లాలా?"

అతని ఎదుటే పేట వాట్సాప్ గ్రూపులో రాసేసింది: "దగ్గరలో మంచి సైకియాట్రిస్టు ఎవరైనా ఉంటే చెప్పండి. నాకే." కుళాయి కారుతోందంటే క్షణంలో ప్లంబర్ల పేర్లు గుప్పించే గ్రూపు అది. ఆరోజు ఒక్కరూ కిక్కురుమనలేదు.

సాయంత్రానికి మాత్రం ఒక్కొక్కరే చాటుగా మెసేజులు పెట్టారు. నేను చెప్పానని చెప్పకు అని ఒకరు, మా చుట్టం ఒకడు వెళ్తుంటాడు అని ఇంకొకరు. అందరూ చెప్పింది ఒకటే పేరు, డాక్టర్ సరాచో. క్లబ్బుకి ఎదురుగా, కూరగాయల కొట్టు పైన. ఆ మెసేజులు ఎవరెవరివో దెల్మీరా నాకు కూడా చెప్పలేదు.

మర్నాడే, కొట్టు ముందు జనం కిక్కిరిసి ఉన్నప్పుడు వెళ్లి, "డాక్టరమ్మ మెట్లు ఎటండీ?" అని వీధంతా వినపడేలా అడిగింది.

"నన్నేం కట్టెయ్యలేదు," అంది తిరిగొచ్చాక. "నిద్ర, తిండి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, అన్నీ అడిగింది. చావాలనిపిస్తోందా అని తిన్నగా అడిగింది. ఔనన్నాను. మొహం తిప్పుకోలేదు. థైరాయిడ్ వల్ల కూడా ఇలా అవుతుందట, రక్తపరీక్ష రాసింది. మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందట, నా అంతట నేను మానకూడదట. అంతే."

వారాలు గడిచాయి. నిద్ర మెల్లగా వచ్చింది, ఆకలి ఇంకా మెల్లగా వచ్చింది. ఒక ఆదివారం దెల్మీరా మళ్లీ క్లబ్బుకి వచ్చి మా మధ్య కూర్చుంది. ప్రెసిడెంటు ఫెర్మీన్ మాతే టీ పోస్తున్నాడు. కప్పులుండవు, అందరికీ ఒకటే సొరబుర్ర, పీల్చడానికి ఒకటే గొట్టం. చేదు ఆకు మీద వేణ్ణీళ్లు పోసి ఇస్తే తాగి వెనక్కివ్వాలి, అది పక్కవాళ్లకి వెళ్తుంది. చాలనుకున్నవాళ్లు థాంక్స్ అంటారు. అనేదాకా వరస తప్పించడం ఉండదు.

ఫెర్మీన్ దెల్మీరాని తప్పించి నాకిచ్చాడు. నా ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపు ఆవిడ లేచి అతని చేతిలో కెటిల్, నా చేతిలో బుర్ర లాక్కుంది. ముందు తను తాగింది, ఖాళీ గొట్టం చప్పుడు వచ్చేదాకా.

"నాకు డాక్టరు పేరు చెప్పినవాళ్లు ఇక్కడే కూర్చున్నారు. ఎవరో చెప్పను, చచ్చినా చెప్పను. నేను దాక్కోలేదు, వాళ్లని బయటపెట్టను. నన్ను మాత్రం దాటేసి పోనివ్వను."

కొందరు నేల చూశారు. ఆవిడ మళ్లీ నీళ్లు పోసి, అదే గొట్టంతో బుర్రని ఫెర్మీన్‌కి అందించింది. అందరం అతన్నే చూస్తున్నాం. అతను బుర్రని అందుకుని గొట్టం వైపు ఒకసారి చూశాడు. తర్వాత తాగాడు, అడుగంటా తాగి వెనక్కిచ్చాడు. థాంక్స్ అనలేదు.

"ఇంకోటి పొయ్, దెల్మీరా," అన్నాడు తలెత్తకుండా.

"వరసలో పోస్తా," అంది ఆవిడ. "నీ వంతు వచ్చేదాకా కూర్చో."