ఇంకా పుట్టని వాచ్‌మన్

ముప్ఫయ్యేళ్లు బళ్లో హిందీ చెప్పినవాణ్ణి. పాత కవుల పుట్టిన సంవత్సరాలు విక్రమ సంవత్‌లో ఉంటాయని, అందులోంచి యాభై ఏడు తీసేస్తే మామూలు సంవత్సరం వస్తుందని ఏటా పిల్లలచేత వల్లె వేయించాను. మరిచిపోయిన వాళ్ల చెవులు మెలిపెట్టాను. ఆ యాభై ఏడు నిజంగా అవసరపడిన ఒకే ఒక్క రోజున అది నాకు గుర్తు రాలేదు. నా చెవి మెలిపెట్టేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి శిక్ష వేరే మనిషికి పడింది.

చైతన్యపురిలో మా అపార్ట్‌మెంట్‌కు నేపాల్ నుంచి కొత్త వాచ్‌మన్ వచ్చాడు, భార్యతో, ఎనిమిదేళ్ల కూతురితో. సెల్లార్‌లో లిఫ్టు పక్కన గది. గేటు పని ఉన్నన్నాళ్లే ఆ గది. ఆయన వచ్చిన కొత్తలోనే పక్క సందులో దొంగతనం జరిగింది. దానికీ ఈయనకూ సంబంధం లేదు. అయినా ఆధార్ నంబర్ లేని వాచ్‌మన్‌ను ఉంచేది లేదని మా సంఘం తీర్మానించింది. శ్రావణమాసం ఆఖరు వరకు గడువు. సంఘానికి కార్యదర్శిని నేనే. కార్యదర్శి అంటే మినిట్స్ రాసేవాడు. అధ్యక్షుడంటే వాటిని చదవకుండా సంతకం పెట్టేవాడు. మా అధ్యక్షుడికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు ఉంది.

విదేశీయులు ఆరు నెలలు ఇక్కడ ఉన్నాకగానీ ఆ నంబర్‌కు దరఖాస్తు చేయడానికి లేదు. ఆ ఆరు నెలలూ నిండిన వారమే వాచ్‌మన్ ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీసి, "సాబ్, నాగరికతా" అని నా చేతికిచ్చాడు. వాళ్ల భాషలో పౌరసత్వానికి అదే పేరట. ఆయన దగ్గర నాగరికత ఉంది, రుజువుతో సహా. మా ఇరవై ఫ్లాట్లలో గాలించినా అలాంటి కాగితం ఒక్కటి దొరికేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ ఆధార్ సెంటర్‌లో కంప్యూటర్ ముందున్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గీ నేపాలీ మాకు రాదు సార్. ఇంగ్లీషుల రాపిచ్చి తెండి."

"ఎవరిచేతో ఎందుకమ్మా, నేను హిందీ పండితుణ్ణి" అన్నాను. లిపి ఒకటే కదా.

పుట్టిన సంవత్సరం దగ్గర 2044 అని ఉంది. ఇంకా రాని సంవత్సరం. అక్కడి గుమస్తా నిద్రమత్తులో రాసి ఉంటాడని జాలిపడ్డాను. నీ వయసెంత అని అడిగితే, "అందులో ఉంది కదా సాబ్" అన్నాడు వాచ్‌మన్. మనిషిని చూస్తే నలభై ఉంటాయనిపించింది. 1984 అని వేశాను. చివరి నాలుగును మాత్రం పెద్దమనసుతో ఆయనకే వదిలేశాను. కింద నా సంతకం, రిటైరైన హోదాతో సహా.

ఆ తర్వాత రోజూ పొద్దున పేపర్ పైకి తెచ్చి ఇస్తూ, "సాబ్, నంబర్?" అనేవాడు. "వస్తుంది" అనేవాణ్ణి. శ్రావణం సగంలో వచ్చింది, నంబర్ కాదు, నా ఫోన్‌కు మెసేజ్. అసలు పత్రానికీ అనువాదానికీ పుట్టిన సంవత్సరం పొసగలేదు, దరఖాస్తు తిరస్కరించడమైనది.

చెబుదామని సెల్లార్‌లోకి దిగాను. అన్నాళ్లలో వాళ్ల గదిలో నేను అడుగుపెట్టడం అదే మొదలు. ఆయన భార్య స్టూలు తుడిచి వేసింది. ఎదురుగా గోడకు వాళ్ల దేశం క్యాలెండర్, దాని నెత్తిన 2082. దాన్ని చూస్తూ నిలబడిపోయాను. యాభై ఏడు అప్పుడొచ్చింది, తీరిగ్గా. 2044 లోంచి తీస్తే 1987. ముప్ఫయ్యెనిమిదేళ్లు. ఐదో తరగతి పిల్లాడు నోటితో చేసే లెక్క.

మెసేజ్ చదివి చెప్పాను. గేటు దగ్గర నేర్చుకున్న తెలుగులో మెల్లగా అడిగాడు: "నా పుట్టుడే తప్పా సాబ్?"

"కాదు, నా చదువు తప్పు" అన్నాను. ఊరడించడానికి అంటున్నాననుకొని నవ్వాడు.

గడువు పెంచమని మీటింగ్‌లో అడిగాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను.

"రెండువేల నలభై నాలుగుల పుట్టినోడంటే ఇంక పుట్టనట్టే గదా హిందీ సార్" అన్నాడు అధ్యక్షుడు. "పుట్టనోడి చేతుల గేటు ఎట్ల పెడతం?"

అందరూ నవ్వారు. తప్పు నాదేనని, సరిచేసి మళ్లీ పెడితే కొన్ని నెలల్లో వస్తుందని మళ్లీ చెప్పాను.

"మీ తప్పుకు మా గేటు కాపలానా సార్? రాయుండ్రి. శ్రావణం దాటినంక ఒక్క రోజు గూడ లేదు."

రాశాను. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని పేరు. ఆయన్ను తీసేసిన తీర్మానం కూడా గుండ్రంగానే వచ్చింది.

ఎల్బీ నగర్‌లో వాళ్లను విజయవాడ బస్సు ఎక్కించడానికి వెళ్లాను. విజయవాడలో ఆయన బావమరిది నూడుల్స్ బండి పెట్టుకున్నాడట. గ్యాస్ స్టవ్ ఒక సంచిలో, బట్టలు రెండు సంచుల్లో. చుట్టిన క్యాలెండర్ కూతురి చంకలో. వాచ్‌మన్ బస్సు మెట్టు మీద నిలబడి, "నంబర్ మీ ఇంటికే ఒస్తది గదా సాబ్. ఒస్తే ఫోన్ చెయ్యుండ్రి" అన్నాడు. రాదని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. నేను తలూపాను. దసరాకు చేస్తే ఆ ఫోన్ కలవలేదు. ఇప్పటికీ కలవదు.

దీపావళి ముందు లిఫ్టు ఆగిపోయింది. కొత్తది వేయడానికి బ్యాంకులో వేరే ఖాతా తెరవాలి, దానికి మీటింగ్ తీర్మానం కాపీ కావాలి. శ్రద్ధగా రాసి షాపుకు పట్టుకెళ్లాను. అధ్యక్షుడు ఎవరితోనో ఫోన్‌లో బేరం ఆడుతూ, ఎప్పటిలాగే, చూడకుండా సంతకం గీకాడు.

మర్నాడు మధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ నా తలుపు కొట్టాడు.

"ఏంది సార్ గిది? మీటింగ్ 2082ల అయిందని రాసిన్రు. బ్యాంకుల అందరి ముంగట నవ్విన్రు. ఇంక కాని మీటింగంట. యాభై ఏడేండ్లు ఆగి రమ్మన్నరు."

"వాచ్‌మన్ క్యాలెండర్ ప్రకారం సరిగ్గానే ఉంది. సంతకం కూడా మీదే" అన్నాను.

కాగితం నా ముందుకు చాపాడు. "జర సక్కగ రాసియ్యుండ్రి సార్. మెట్లెక్కలేక సస్తున్న."

ఆయనది ఐదో అంతస్తు. నాది మొదటిది.

"దానిదేముంది, దరఖాస్తు పెట్టుకోండి" అన్నాను. "కొన్ని నెలల్లో వస్తుంది."