నూట ఎనభై ఏడు పేజీల ఫుట్‌బాల్ క్లబ్బు

ఆ వ్యవహారంలో పోయినవాటిని ముందే రాసేస్తాను. మా యజమానికి అయిదు వేల పౌండ్లు, లండన్ నుంచి రానుపోను విమాన టికెట్టు ఒకటి, హవల్లీ హోటల్లో గది అద్దె మూడు వారాలది. నాకు మూడు శుక్రవారాల సెలవు. మా ఆఫీసులో టీ కాచే ఓబులేసన్నకు ఒక స్టీలు ఫ్లాస్కు. ఇవిగాక నా సొంత జేబులోంచి నాలుగు దినార్ల రెండు వందల నలభై ఫిల్సులు. కువైట్‌లో దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి లెక్క మూడో దశాంశం దాకా రాయాలి. ఆ అలవాటు నాకింకా పోలేదు.

2004 నవంబరులో నేను హవల్లీలో ఒక ఏసీల కంపెనీలో సీనియర్ అకౌంట్స్ క్లర్కుని. హోదా పెద్దదిగా వినిపిస్తుంది గాని, ఆ విభాగంలో జూనియర్ ఎవరూ లేరు. కామర్సు నేను చదవలేదు. ఫర్వానియాలో ఒక కిరాణా కొట్టులో బియ్యం మూటలు మోస్తూ, ఆ కొట్టు చిట్టా చూసి జమాఖర్చులు నేర్చుకున్నాను. యజమానిని అరబ్బుల పద్ధతిలో పెద్ద కొడుకు పేరు మీద అబూ యూసుఫ్ అనేవాళ్ళం. ఆ యూసుఫ్ ఇంగ్లండులో చదివి, డిగ్రీతోపాటు ఫుట్‌బాల్ పిచ్చి కూడా తెచ్చుకున్నాడు. అక్కడ కింది శ్రేణిలో ఆడే ఒక పాత క్లబ్బు అమ్మకానికి వచ్చిందనీ, ధర ఒక్క పౌండేననీ తండ్రితో చెప్పాడు.

ఒక్క పౌండు నిజమే. క్లబ్బుతోపాటు దాని అప్పులు కూడా మనవవుతాయి. అవి తీర్చడానికీ ఆ సీజను నడపడానికీ లక్షా యాభై వేల పౌండ్లు కావాలి. పౌండుకు అయిదు వందల ముప్ఫై ఫిల్సుల చొప్పున డెబ్భై తొమ్మిది వేల అయిదు వందల దినార్లు. ఈ అంకె చూడగానే నాకు గుర్తొచ్చింది, బ్యాంకులో సరిగ్గా అంత డిపాజిట్ ఉంది. అది మా అరవై మూడు మంది పనివాళ్ళ ఇండెమ్నిటీ సొమ్ము. గల్ఫులో పని మానేసి వెళ్ళేటప్పుడు కంపెనీ లెక్కగట్టి ఇచ్చే డబ్బును ఇండెమ్నిటీ అంటారు. అబూ యూసుఫ్ ఆ డిపాజిట్‌ను విరిచి, ఏడాదిలో తిరిగి నింపేద్దామనుకున్నారు. చెడ్డవారు కారు. కొడుకంటే ప్రేమ, అంతే.

ఓబులేసన్న జనవరి నెలాఖరుకు పని మానేసి రాయచోటి వెళ్ళిపోతున్నాడు. పదిహేడేళ్ళ సర్వీసు, నెలకు తొంభై దినార్ల జీతం. మొదటి అయిదేళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కిస్తారు. అతనికి రావలసింది వెయ్యిన్నీ మూడు వందల ముప్ఫై తొమ్మిది దినార్ల ఆరు వందల పదిహేను ఫిల్సులు. డిపాజిట్ విరిగితే జనవరిలో ఆ చెక్కు రాయడానికి డబ్బుండదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఆఫీసులో నేనొక్కణ్ణే.

ఆరు వారాలపాటు క్లబ్బు ఇంకెవరితోనూ బేరమాడకుండా ఉండడానికి యజమాని అయిదు వేల పౌండ్లు ముందే కట్టారు. అది తిరిగి రాదు. తరవాత లెక్కలు చూపించడానికి క్లబ్బు సెక్రటరీ వచ్చాడు. పేరు హెన్రీ. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న అరవై ఏళ్ళ మనిషి. పుస్తకాలు ఒక పాత సూట్‌కేసులో తెచ్చాడు. జిరాక్సు తీయించడానికి ఇద్దరం పక్క వీధిలో కొట్టుకు వెళ్ళాం. పేజీకి ఇరవై ఫిల్సుల చొప్పున నూట ఎనభై ఏడు పేజీలు, బైండింగుకు అయిదు వందల ఫిల్సులు. హెన్రీ క్లబ్బు కార్డు ఇచ్చాడు. మిషను ఒప్పుకోలేదు. ఇంకోసారి గీసినా ఒప్పుకోలేదు. "ఖలాస్" అని కొట్టువాడు కార్డు వెనక్కి ఇచ్చేశాడు. నేను నాలుగు దినార్ల రెండు వందల నలభై కట్టాను. హెన్రీ సిగ్గుపడి, క్లబ్బు నాకు బాకీ అని చీటీ మీద రాసి సంతకం చేశాడు.

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఒక్కటే, జట్టుకు పదకొండు మంది. జీతాల పట్టీలో ముప్ఫై నాలుగు పేర్లున్నాయి. మిగతావాళ్ళెవరని అడిగాను. కొందరికి మోకాళ్ళు పోయాయట, కొందరు బెంచీ మీద ఉంటారట, నలుగురిని వేరే క్లబ్బులకు అప్పుగా ఇచ్చారట. అప్పు ఇస్తే మనకు వడ్డీ రావాలి కదా అన్నాను. ఆ నలుగురి జీతంలో సగం మేమే కడుతున్నామని చెప్పి హెన్రీ పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. మొత్తం కూడి చూస్తే క్లబ్బుకు వంద పౌండ్లు వస్తే జీతాలకే నూట ఎనిమిది పోతున్నాయి.

అప్పుడు నేను అలవాటు ప్రకారం ఎవరికి ఎన్నాళ్ళ నుంచి బాకీ ఉందో ఆ పట్టిక అడిగాను. అంతకుముందు కొనాలని చూడడానికొచ్చిన నలుగురిలో ఎవరూ దీన్ని అడగలేదంటూ హెన్రీ సూట్‌కేసు అడుగు నుంచి తీశాడు. జెర్సీలు ఉతికే ఆవిడకు ఏడు నెలలు. రొట్టెల దుకాణానికి అయిదు నెలలు. హెన్రీ జీతం కూడా రెండు నెలలది ఆ పట్టికలోనే ఉంది. ఆటగాళ్ళకు మాత్రం ఒక్క రోజు కూడా బాకీ లేదు. లీగు నియమం అలాంటిదట. క్లబ్బు మునిగినా ఆటగాళ్ళకూ ఇతర క్లబ్బులకూ ముందు పూర్తిగా కట్టాలి, మిగిలిందే తక్కినవాళ్ళు పంచుకోవాలి.

ఒక పద్దు మాత్రం అర్థం కాలేదు. ఆ ఏడాది ఆదాయంలో వచ్చే రెండేళ్ళ సీజను టికెట్ల డబ్బు కూడా కనిపించింది. ఇంకా అమ్మని టికెట్లు. వాటి మీద ఎవరో వడ్డీ వ్యాపారి తక్కువ ధరకు ముందే డబ్బు ఇచ్చాడు. మూడో శుక్రవారం నేను ఈ కాగితాలు పరచుకుని కూర్చుంటే ఓబులేసన్న టీ తెచ్చాడు. విషయం చెప్పాను.

"ఇందులో అర్థం కానిదేముంది సార్? రేపటి చీటీ ఎత్తి నిన్నటి చీటీ కడతాండారు. మన రమణయ్య చేసినట్లే."

రమణయ్య ఫర్వానియాలో నా చీటీలోనే సభ్యుడు. నాలుగు వందల దినార్ల చీటీని మూడు వందల పదికి పాడుకుని పాత చీటీ కట్టాడు. ఆ తరవాత ఫోను ఎత్తలేదు.

"ఆ తెల్లాయప్ప మాత్రం మంచోడు సార్," అన్నాడు ఓబులేసన్న. "నా టీ మూడు గ్లాసులు తాగినాడు. ఆయప్ప ఊరికి పోయేటప్పుడు నా ఫ్లాస్కు ఇచ్చేస్తా. నాకు ఇంగ యాల?"

తన చెక్కు ఆ కాగితాల మీదే వేలాడుతోందని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు అబూ యూసుఫ్ గదిలో, కొడుకు ఎదురుగానే, ఒక పేజీ నివేదిక పెట్టాను. నూట ఎనిమిది దగ్గర ఆయన చలించలేదు. పై శ్రేణికి వెళితే టీవీ డబ్బు వస్తుందని యూసుఫ్ అన్నాడు. సీజను టికెట్ల పద్దు దగ్గర మాత్రం నేను ఆగి, ఇంట్లో మామా, అంటే యజమానురాలు, వేసే జమియా గుర్తుచేశాను. మన చీటీలాంటిదే అది. అందులో పాట ఉండదు, వంతు ఉంటుంది. మొదటి వంతు, రెండో వంతు, మూడో వంతు తనే తీసేసుకున్న మనిషి ఈ క్లబ్బు అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అంటే ఈ క్లబ్బు మా మరదలా?" అన్నారు. ఆవిడ జమియా సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. యూసుఫ్‌కు నవ్వు ఆగలేదు. తరవాత అబూ యూసుఫ్, రేపు క్లబ్బు మునిగితే తన డబ్బు ఏ వరసలో వస్తుందని అడిగారు. పట్టిక చూపించాను.

"బట్టలుతికే ఆవిడ వెనకా నేను?"

"ఆవిడకు చాలా వెనక సార్. మీతోపాటు మన అరవై మూడు మందీ." ఆ వాక్యం ముందే రాసుకుని వెళ్ళాను. లేకపోతే నోటి నుంచి వచ్చేది కాదు.

ఆయన నివేదికను మడిచి నాకు తిరిగి ఇచ్చేశారు. తరవాత ఖలాస్ అన్నారు. యూసుఫ్‌కు ఆ సాయంత్రం ఒక పెద్ద టీవీ కొనిచ్చారు.

హెన్రీ ఫ్లాస్కుతో వెళ్ళిపోయాడు. జనవరి 31న ఓబులేసన్న చెక్కు నా చేతులతోనే రాశాను. అంకె రెండుసార్లు చదువుకుని, "ఈ ఆరు నూర్ల పదిహేను ఫిల్సులు గూడా నావేనా సార్?" అన్నాడు. అవి కూడా అతనివే.

మరుసటి వేసవిలో క్లబ్బు మునిగి, కోర్టు పెట్టిన అధికారి చేతికి వెళ్ళింది. రెండేళ్ళ తరవాత కంపెనీ పోస్టుబాక్సుకు నా పేరిట ఒక కవరు వచ్చింది. హెన్రీ నాకు రాసిచ్చిన జిరాక్సు బాకీని కూడా పట్టికలో ఎక్కించాడు. రొట్టెల దుకాణానికి కింద, అక్షరం పొల్లు పోకుండా నా పేరు ఉంది. బాకీ ఎనిమిది పౌండ్లు. పౌండుకు రెండు పెన్నీల చొప్పున పదహారు పెన్నీల చెక్కు జతచేశారు. దాన్ని మార్చడానికి మా బ్యాంకు రెండు దినార్లు అడిగింది. నేను మార్చలేదు. అది వాళ్ళ తప్పు కాదు కాబట్టి ఆ పదహారు పెన్నీలు వచ్చినట్టే రాసుకున్నాను.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఏ సంస్థ లెక్కలు నా ముందుకు వచ్చినా, ఆదాయం పేజీ ముందు తెరవలేదు. బట్టలుతికేవారికి ఎన్ని నెలల బాకీ ఉందో చూసి, తరవాతే మిగతావి చదివేవాణ్ణి. అలా చూసినందుకు నష్టపోయిన సందర్భం ఒక్కటీ లేదు.

ఇంగ్లండు ఫుట్‌బాల్ నుంచి నాకు ఈ రోజు వరకు రావలసింది: ఏడు పౌండ్ల ఎనభై నాలుగు పెన్నీలు.