నేను లేచి వెళ్లిన ఇరవై నిమిషాలు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. మా కోరుట్లలో చిన్నప్పుడు ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవారు. డాక్టరు చదువుకు వెళ్లాక ఆ మాట అన్నవాళ్లతో పనిగట్టుకుని వాదించేవాణ్ని. తర్వాత నా జీవితమంతా మత్తు డాక్టరుగానే గడిచింది. ఎంతోమందిని నిద్రపుచ్చాను, లేపాను. లేవనివాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు.

కాబట్టి ఇది దెయ్యం కథ అని నేను అనను. ఏమనాలో తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ని. ఇన్నేళ్లు దాచింది భయంతో కాదు, సిగ్గుతో.

అవి నక్సలైట్ల రోజులు. పొద్దుగూకితే ఊళ్లకు బస్సులు నడిచేవి కావు. పగలు పోలీసులు, రాత్రి అన్నలు. చదువుకున్న కుర్రవాడైతే చాలు, ఇద్దరికీ అనుమానమే. నేను చివరి పరీక్షలు రాసి, హౌస్ సర్జన్‌గా, మత్తు పని నేర్చుకోవడానికి ఒక నెల జగిత్యాల వైపు ఒక దవాఖానకు వచ్చాను. దాని పేరు రాయను. తప్పు ఆ దవాఖానది కాదు, నాది.

అక్కడ మాకు నేర్పే మత్తు డాక్టరును మేము సార్ అనే పిలిచేవాళ్లం. చండశాసనుడు. మొదటిరోజే నన్ను ఒక ఇనుప స్టూలు మీద కూర్చోబెట్టి, ఈ నెలంతా నీ ఇల్లు ఇదే అన్నాడు.

పని చెప్పుకోవడానికి తేలిక. కాన్పు ఆపరేషన్లకు వెన్నులో సూది ఇస్తే నడుము కిందంతా మొద్దుబారుతుంది, మనిషి మాత్రం మెలకువగానే ఉంటుంది. ఛాతీ మీదుగా ఒక ఆకుపచ్చ గుడ్డ అడ్డం కడతారు. గుడ్డకు అవతల కోసే డాక్టరు, ఇవతల రోగి తల, తల దగ్గర స్టూలు మీద మేము. లైటు కొట్టకుండా, భయపడకుండా రోగి కళ్ల మీద గుడ్డ మడతపెట్టి వేస్తారు. మేము మూడు వేళ్లు నాడి మీద ఉంచి, అయిదు నిమిషాలకోసారి బీపీ చూసి చార్టులో రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోగిని మాట్లాడిస్తూ ఉండాలి.

"ఈడ మిషన్లు లేవు. పేషెంటు గొంతే మన మిషన్," అనేవాడు సార్. "ఆవులింత వచ్చిందా, బీపీ పడుతున్నట్టు. జవాబు లేటయిందా, ఇంకింత పడ్డట్టు. స్టూలు మీదికెంచి లేవద్దు. ఒంటికి వచ్చినా లేవద్దు."

మూడు వారాలు నేను లేవలేదు. బాగానే నేర్చుకున్నానని నాకు కాస్త పొగరు కూడా వచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. కాలేజీ హాస్టల్లో నా పక్క గదివాడు, నేను బయల్దేరడానికి వారం ముందు ఒక కాగితాల కట్ట ఇచ్చి, రెండు రోజులు నీ దగ్గర ఉంచు, మళ్లీ తీసుకుంటా అన్నాడు. అవి అన్నల కరపత్రాలు. నాకు వాళ్లమీద భక్తీ లేదు, కోపమూ లేదు. కాదనడానికి నోరు రాలేదు, అంతే. వాడు మళ్లీ రాలేదు. కట్ట నాతోపాటు వచ్చి, హౌస్ సర్జన్ల క్వార్టర్లో నా ట్రంకుపెట్టె అడుగున చొక్కాల కింద ఉండిపోయింది. దాని సంగతి అక్కడ ఒక్కరికీ చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ రోజు పొద్దున ఆపరేషన్ బల్ల మీదికి వచ్చినామె పేరు సుగుణ. సిరిసిల్ల కోడలు. భర్త సాంచెలు నడిపిస్తాడు, అదే, మరమగ్గాలు. తొలి కాన్పుకు పెగడపల్లిలో తల్లిగారింటికి వచ్చింది. నొప్పులు మొదలై రాత్రంతా గడిచినా బిడ్డ దిగలేదు. ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కణ్నుంచి జీపులో తెచ్చారు. సార్ వెన్నులో సూది ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి, పక్క థియేటర్లో పేగు మెలిపడ్డ ముసలాయన ఉన్నాడని అటు వెళ్లిపోయాడు. అప్పట్లో అంతే. ఇద్దరు రోగులకు ఒక్క మత్తు డాక్టరు.

గుడ్డకు అవతల ఆపరేషన్ చేసే మేడమ్, ఆమెకు కత్తులు అందించే నర్సు. పసిబిడ్డ కోసం ఇంకో సిస్టర్ పక్కగదిలో ఉంది. ఇవతల నేనొక్కణ్నే. బీపీ పడితే ఇవ్వాల్సిన మందు సిరంజిలోకి ఎక్కించి ట్రేలో పెట్టుకున్నాను. పదకొండుంబావుకు మొదటి బీపీ రాశాను. బాగానే ఉంది. సుగుణ సాంచెల ముచ్చట చెబుతోంది. వాళ్లింట్లో ఆ చప్పుడుకే నిద్ర పడుతుందట, కరెంటు పోయి చప్పుడు ఆగితేనే అందరూ లేచి కూర్చుంటారట. నేను నవ్వాను.

అప్పుడు నా వెనక పక్కతలుపు కొద్దిగా తెరుచుకుని కాంపౌండరు తల పెట్టాడు. "సార్, పోలీసోళ్లు అచ్చిండ్రు. మీ రూములు సూస్తరట," అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

నేను లేచాను.

ఆ క్షణానికి సాకు వెతకడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, దొరకలేదు. మేడమ్‌కు చెప్పలేదు. చెబితే కూర్చోమంటుంది. పక్కగది సిస్టర్‌ను పిలవలేదు. పిలిస్తే ఎందుకని అడుగుతుంది. సుగుణ మణికట్టు మీంచి వేళ్లు తీసి, స్టూలు చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, పక్కతలుపు గుండా బయటపడి పరిగెత్తాను. ఆమె అప్పుడు ఏదో అడుగుతూనే ఉంది. ఏమడిగిందో వినలేదు.

క్వార్టర్లో నా గది తాళం వేసినట్టే ఉంది. కట్ట తీసి చొక్కా లోపల దోపుకుని, దవాఖాన బట్టలు ఉడకబెట్టే పొయ్యి దగ్గరికి పోయాను. అక్కడెవరూ లేరు. కాగితాలు పొయ్యిలో కుక్కి, కర్రతో కదుపుతూ అన్నీ కాలేదాకా నిలబడ్డాను. కట్టగా ఉన్న కాగితం తొందరగా కాలదని ఆ రోజే తెలిసింది. చేతులకంటిన మసి కుళాయి కింద రుద్ది రుద్ది కడిగాను.

తిరిగొస్తుంటే వరండాలో తెలిసింది. పోలీసు జీపు బోల్తాపడి ఒక కానిస్టేబులు కాలు విరిగితే కట్టు కట్టించడానికి తెచ్చారట. కాంపౌండరు విన్నది ఉత్త పుకారు. క్వార్టర్ల వైపు ఎవరూ వెళ్లలేదు, వెళ్లే ఆలోచన కూడా ఎవరికీ లేదు.

పక్కతలుపు తోసి లోపలికి అడుగుపెట్టేటప్పటికి గోడ గడియారంలో పదకొండు ముప్పై అయిదు. పక్కగదిలో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. మేడమ్ కుట్లు వేస్తోంది. నేను వెనక్కి జరిపిన స్టూలు బల్లకు ఆనుకుని ఉంది. నేనది పట్టించుకోకుండా కూర్చుని సుగుణ మణికట్టు పట్టుకున్నాను. నాడి బలంగా కొట్టుకుంటోంది. హమ్మయ్య అనుకున్నాను.

"ఏంది సార్, మీ చెయ్యి ఒక్కసారే గింత సల్లగైంది," అంది సుగుణ.

కళ్ల మీద గుడ్డ అలాగే ఉంది. మత్తు కలవరింత అనుకున్నాను. కానీ నడుముకిచ్చే మత్తుకు మనిషి కలవరించదు. అది నాకు తెలుసు.

అప్పుడు చార్టు చూశాను. పదకొండు ఇరవై, ఇరవై అయిదు, ముప్పై, మూడు గడులూ నిండి ఉన్నాయి. ఇరవై దగ్గర బీపీ బాగా పడిపోయినట్టు, పక్కన ఆవులింత అని, మందు ఇచ్చినట్టు రాసి ఉంది. తర్వాతి రెండు గడుల్లో మెల్లగా పెరిగింది. నేను ఏడు అంకెకు మధ్యలో చిన్న గీత పెడతాను. అక్కడ ఏడుకు ఆ గీత ఉంది. ట్రేలో సిరంజి ఖాళీగా ఉంది. నా పెన్ను నా జేబులోనే ఉంది.

మేడమ్ చేతి తొడుగులు విప్పుతూ గుడ్డ మీంచి తొంగిచూసి, "మంచిగ పట్టుకున్నవ్. పొట్ట ఎడమకు నెట్టుమని నువ్వు చెప్పకుంటే పోరగాడు దక్కకపోతుండె, తల్లి గూడ," అంది. నేను తలూపాను. అంతే, తలూపాను. ఇదంతా రాస్తున్నది ఆ తలూపినందుకే.

సాయంత్రం సార్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఆయన ఎవర్నీ మెచ్చుకోగా మేము చూడలేదు.

నేను చేయగలిగిన విచారణ చేశాను. పక్కగది సిస్టర్, "నేను బిడ్డతోనే ఉన్న సార్, ఇటు రాలేదు," అంది. సార్ ఆ సేపంతా ముసలాయనకు చేత్తో ఊపిరి అందిస్తూ కదల్లేకపోయాడని అక్కడి నర్సులు చెప్పారు. మేడమ్‌ను, నా గొంతు సరిగ్గా వినిపించిందా అని తిప్పి తిప్పి అడిగాను. "ఆపకుండ మాట్లాడుతనే ఉంటివి, మధ్యల నాకే చిరాకయింది," అని నవ్వింది. నేనే బీపీ చూసి, రాసి, ఆ తర్వాత వెళ్లి, మరిచిపోయానా అని కూడా ఆలోచించాను. మరైతే పొయ్యి దగ్గర నిలబడింది ఎవరు? నా గోళ్ల సందుల్లో మసి మూడు రోజులు పోలేదు.

మూడో రోజు వార్డులో సుగుణ మంచం దగ్గరికి వెళ్లాను. ఆమె తల్లి పక్కన కూర్చుని మనవణ్ని ఒళ్లో పెట్టుకుంది. సుగుణ తల్లికి నన్ను చూపించి చెప్పింది.

"గీ సారే, అవ్వా. నాకు కండ్లు తిరిగి పాణం పోతున్నట్టయింది. సారు నా చెయ్యి ఇడువలేదు. 'నాకు గూడ భయమైతుంది చెల్లె, బైట పోలీసోళ్లున్నరు, నా పెట్టెల కాయితాలున్నయి, లేచి ఉరుకబుద్ధయితుంది, గని నిన్ను ఇడిచిపెట్టి పోను' అన్నడు. గంత పెద్ద సదువు సదివినాయనకే భయమైతుందంటే, నాకు జర ధైర్యమొచ్చింది."

తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "కాయితాల ముచ్చట మా అవ్వకు తప్ప ఎవలకు చెప్ప సార్."

మంచం పట్టె పట్టుకున్నాను. ఆ గదిలో, ఆ ఊళ్లో, కట్ట సంగతి తెలిసిన మనిషి నేను తప్ప లేడు.

ఆ ముసలావిడ లేచి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. "ఎట్ల ఇడిచిపెట్టి పోత అవ్వా," అన్నాను నేను. ఆ మాట నా నోటితో, ఏ తడబాటూ లేకుండా అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత నేనే నేర్పేవాణ్ని అయ్యాను. స్టూలు మీంచి లేవకూడదని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కథే చెప్పేవాణ్ని. బయట పోలీసులు, లోపల పడిపోతున్న బీపీ, కదలకుండా కూర్చున్న నేను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఇంటికి వెళ్లాక అన్నం సహించేది కాదు. అయినా మళ్లీ ఏడాది మళ్లీ చెప్పాను.

రిటైరయ్యాక ఇక ఉండలేక సిరిసిల్ల వెళ్లాను. భర్త పేరు గుర్తుంది, సాంచెల పని గుర్తుంది. నాలుగు వీధులు అడిగితే ఇల్లు దొరికింది. సుగుణ తల నెరిసింది. అరుగు మీద కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక ఏడ్చింది, కొడుకును పిలిచి నా కాళ్లు మొక్కించింది. ఆ రోజు పుట్టినవాడే. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

వాడు చాయ్ తేవడానికి వెళ్లగానే చెప్పేశాను. "చెల్లె, ఆ రోజు నేను లేను. నిన్ను ఇడిచిపెట్టి ఉరికిన. పొయ్యిల కాయితాలు కాలపెట్టుకుంట నిలబడ్డ. నీ దగ్గర కూసున్నది నేను కాదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే వెళ్లాను. ఆమె కండె పక్కన పెట్టింది.

"మీరు కాకుంటే మరి ఎవలు సార్?" అంది. కోపంగా కాదు. డాక్టర్ను కదా, నాకు తెలిసే ఉంటుందన్నట్టు నిజంగానే అడిగింది.

తెలియదన్నాను.

"ఎవలో గని పాపం," అంది సుగుణ, మళ్లీ కండె చేతిలోకి తీసుకుంటూ. "ఆయనకు గూడ మస్తు భయమేనట. చెయ్యి వణుకుతనే ఉండె. గని నన్ను ఇడిచి పోలేదు."

కొడుకు తెచ్చిన చాయ్ తాగి, బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. అది నేను కాదని మాత్రం తెలుసు.