రోజానా ఓడ బ్రిజెట్‌కి ఎవరున్నారు

నోరీన్ టాట్నెల్‌కి ఒకటే జబ్బు. ఆధారం చూపిస్తే తప్ప ఏదీ నమ్మదు. వాన పడుతోందని చెబితే కిటికీ దాకా వెళ్ళి, చెయ్యి బయటపెట్టి, తడిసిన చేతిని తిప్పి చూసుకుని, "పడుతున్నట్టే ఉంది" అంటుంది. అప్పటికీ పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు.

వాళ్ళాయన ఆల్ఫ్ పాపం మంచివాడు. పెళ్ళి చేసుకుందామని అడిగిన రోజున, ప్రేమిస్తున్నావనడానికి ఆధారం ఏమిటని అడిగిందట. ఆల్ఫ్ రెండు వారాలు ఆలోచించి, ఆవిడ కోసం తను మానుకున్న పనులన్నీ జాబితాగా రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. ఆల్ఫ్ పోయి పదేళ్ళయినా ఆ కాగితం ఆవిడ వంటగది గోడ మీద ఫ్రేములో ఉంది. అందులో చేపల వేట అన్న మాట మాత్రం కొట్టేసి ఉంటుంది. అది మానలేదని తర్వాత తేలింది.

నా పేరు నెవిల్. ముప్ఫై ఏళ్ళు హోబార్ట్‌లో పన్నెండో నంబరు బస్సు నడిపి, ఈ హ్యూవన్ లోయకి వచ్చి నోరీన్ పక్కింట్లో దిగాను. ఆవిడకి కారు నడపడం రాదు. బ్రేకులు పనిచేస్తాయన్న నమ్మకం కుదరక నేర్చుకోలేదట. అందుకని బస్సు మానేశాక ఆవిడని తిప్పడం నా ఉద్యోగమైంది.

ప్రతి బుధవారం పాత డ్రిల్లు హాలులో మా సంఘం కూర్చుంటుంది. నూట యాభై ఏళ్ళకి పైగా కిందట ద్వీపాంతర శిక్ష పడి ఓడల్లో ఈ దీవికి వచ్చిపడిన ఆడఖైదీల జీవితాలు వెతకడం మా పని. మా అమ్మ కాలంలో వంశంలో ఒక ఖైదీ ఉందంటే తలుపులు వేసుకుని మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు లేనివాళ్ళు సిగ్గుపడుతున్నారు. పోస్టాఫీసు మార్జరీ వంశంలో అందరూ టిక్కెట్టు కొనుక్కుని దర్జాగా వచ్చినవాళ్ళేనని తేలిన రోజున మేమందరం ఆవిడ చుట్టూ కూర్చుని ఓదార్చాం.

సంఘానికి కార్యదర్శి నోరీన్. కొత్తవాళ్ళు వస్తే పేరు తర్వాత, ముందు మీ వంశంలో ఖైదీ ఏ ఓడలో వచ్చిందని అడుగుతుంది. ఒకే పేరుతో పాతికమంది ఖైదీలు ఉండేవాళ్ళు కాబట్టి రిజిస్టర్లలో ప్రతి పేరు పక్కనా ఓడ పేరు రాసేవారు. ఆ అలవాటు ఆవిడకి ఎంత ముదిరిందంటే నన్ను కూడా "పన్నెండో నంబరు నెవిల్" అని పరిచయం చేస్తుంది. ఖైదీకి మీరు నిజంగా వారసులేనని ధ్రువపత్రం ఇచ్చేది కూడా ఆవిడే. నాది నాలుగేళ్ళు పట్టింది. మధ్యలో నా పుట్టుకకే ఆధారం అడిగింది. ఎదురుగా కూర్చున్నాను కదా అంటే, కూర్చున్నది ఎవరో తేలాలి కదా అంది.

ఆవిడ చేతిలో అందరికంటే ఎక్కువ నలిగినవాడు క్లైవ్ డగ్గన్. ఎనభై ఆరేళ్ళ ఆపిల్ రైతు. వాళ్ళ నాన్నకి నాయనమ్మ బ్రిజెట్ కోయిల్ అనే ఐరిష్ ఖైదీ అని ఇంట్లో బైబిలు అట్ట లోపల రాసి ఉంది. క్లైవ్ రిజిస్టర్లు వెతికితే రోజానా ఓడ బ్రిజెట్ కోయిల్ దొరికింది. ఉన్ని దుప్పటి దొంగతనం, ఏడేళ్ళ శిక్ష. ఆ పేజీ చదివిన రోజు నుంచి క్లైవ్ మనిషి మారిపోయాడు.

చదివితే ఎవరైనా మారతారు. పనికి పెట్టిన ఇంటి యజమానురాలి టోపీ పెట్టుకుని గుర్రప్పందేలకి వెళ్ళినందుకు పది రోజులు చీకటి కొట్టు. గంజి నీళ్ళలా ఉందని కుండెడు గంజి సూపరింటెండెంటు బూట్ల మీద పోసినందుకు నెల రోజులు తొట్టి ముందు బట్టలుతికే చాకిరీ. ప్రార్థనలో నవ్వినందుకు ఆరు రోజులు రొట్టే నీళ్ళూ. ఒక్కొక్కటి చదివినప్పుడల్లా క్లైవ్ తొడ చరుచుకుని, మా అవ్వ, మా అవ్వ అని హాలంతా చూసేవాడు.

ఆ పేజీలో ఇంకో వరస కూడా ఉంది. ఖైదులోని పసిపిల్లల గదిలో పదకొండు నెలల కూతురు హొనోరా చనిపోయింది. ఆ తర్వాత ఏడాది పాటు బ్రిజెట్ పేరు మీద ఒక్క నేరమూ లేదు. బుద్ధి వచ్చిందని గుమాస్తా పక్కన రాశాడు. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నోరీన్ కళ్ళజోడు తీసి తుడుచుకునేది. "బుద్ధి కాదు. తప్పు చేసే ఓపిక కూడా పోయింది దానికి" అని ఒకసారి నాతో అంది.

బ్రిజెట్‌ని పాతిపెట్టింది మా కొండ మీది చర్చి ఆవరణలోనే. కంచె పక్కన, మూడో వరస, రాయి లేదు, పేరు లేదు. క్లైవ్ ప్రతి ఆదివారం చేతిమర తీసుకెళ్ళి అక్కడి గడ్డి కోసేవాడు. కోస్తూ ఆవిడకి తోట సంగతులు చెప్పేవాడు.

కానీ నోరీన్ ధ్రువపత్రం ఇవ్వలేదు. పెళ్ళి నమోదు తెమ్మంది, తెచ్చాడు. బాప్తిస్మం పుస్తకం తెమ్మంది, తెచ్చాడు. డబ్లిన్‌కి ఉత్తరం రాయమంది, రాశాడు. ప్రతిసారీ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "బాగుంది. ఇంకొకటి కావాలి" అనేది. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

అప్పుడు చర్చి అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు దాన్ని అతిథి గృహం చేస్తామన్నారు. రాయి ఉన్న సమాధులకీ, కుటుంబం వచ్చి ఇది మాదని అడిగిన సమాధులకీ కంచె కట్టి దారి ఉంచుతారు. మిగతా నేలంతా చదును చేసి పచ్చిక వేస్తారు. ఏప్రిల్ మొదటి తారీకు గడువు అని చర్చి పెద్దలు నోటీసు అంటించారు.

ఆ బుధవారం క్లైవ్ కోటు వేసుకుని వచ్చాడు. వారసుడని రాసి ఉన్న కాగితం నోరీన్ ముందు పెట్టాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. "సంతకం పెట్టలేను, క్లైవ్" అంది.

"తొమ్మిదేళ్ళు తిరిగాను, నోరీన్."

"తెలుసు."

"నా సంగతి వదిలెయ్. ఆవిడ మీద కుర్చీలేసుకుని టీ తాగుతారు. అది నీకు బాగానే ఉంటుందా?"

క్లైవ్ కాగితం మడిచి టోపీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. హాలులో ఆ రోజు ఎవరూ ఆవిడకి టీ కూడా పోయలేదు.

కారులో నేను ఊరుకోలేకపోయాను. ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేం పోతుందని అడిగాను. ఆవిడ అద్దంలోంచి బయటికి చూస్తూ, "బ్రిజెట్ గురించి ఇప్పటికే ఎంతమంది ఏమేం రాశారో చదివావు కదా నెవిల్. నేనూ ఒక అబద్ధం రాయనా?" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి కారు తీయలేదు. ఆదివారం గాలి పీల్చుకోవాలని కొండ మీదికి తీసుకెళ్ళమంటుంది ఎప్పుడూ. ఆ ఆదివారం ఆ పెద్దావిడ మూడు మైళ్ళు నడిచి వెళ్ళి వచ్చింది. నేను కర్టెన్ చాటునుంచి చూసి, తెలియనట్టు ఊరుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఒక పాత సూట్‌కేసు ఈడ్చుకుంటూ నా గుమ్మంలోకి వచ్చింది.

"క్లైవ్ ఇంటికి తీసుకెళ్ళు. దారి పొడుగునా తిట్టుకో, ఫర్వాలేదు."

క్లైవ్ షెడ్డులో కాయలు ఏరుతున్నాడు. మమ్మల్ని చూసి కూర్చోమనలేదు. నోరీన్ ఒక పెట్టె బోర్లించుకుని కూర్చుంది.

"క్లైవ్, ఇద్దరు బ్రిజెట్ కోయిల్‌లు ఉన్నారు. మీ నాన్న నాయనమ్మ మూడేళ్ళ తర్వాత ఎల్లెన్ గ్రే ఓడలో వచ్చింది. ఆవిడ సమాధి లాన్సెస్టన్‌లో ఉంది. మంచి రాయి ఉంది. పదకొండుమంది పిల్లలు. మన కొండ మీది బ్రిజెట్‌కి ఆ ఒక్క పాపే."

క్లైవ్ చేతిలో కాయ అలాగే ఉంది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఎనిమిదేళ్ళు."

"ఎనిమిదేళ్ళూ నన్ను తిప్పావా?"

"చెబితే నువ్వు లాన్సెస్టన్ వెళ్ళిపోతావు. అక్కడ పూలు పెట్టడానికి వంశం వంశమే ఉంది. ఇక్కడ దీనికి నువ్వు తప్ప ఎవరున్నారు? ఇంకొకటి తే, ఇంకొకటి తే అంటూ ఉంటే నువ్వు వెతుకుతూ ఉంటావు, గడ్డి కోస్తూ ఉంటావు అనుకున్నాను. నాది తప్పే. క్షమించు."

నోరీన్ క్షమించమనడం నేను వినడం అదే మొదటిసారి. క్లైవ్ కాయని చొక్కాకి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. చివరికి చాలా మెల్లగా అడిగాడు.

"ఆ ఎల్లెన్ గ్రే ఆవిడ... ఏమైనా చేసిందా?"

"ఏమీ లేదు. ఏడేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు."

"టోపీ గట్రా?"

"టోపీ లేదు."

"పోనీ, గంజి?"

"బుద్ధిగా తాగినట్టుంది."

క్లైవ్ నిట్టూర్చాడు. "అచ్చం మా నాన్నే" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. నోరీన్ పెదవి కూడా ఒక పక్కకి కదిలింది. క్లైవ్ మాత్రం నవ్వలేదు. మరి కొండ మీది ఈవిడ గతేమిటి, గడువు వారమే ఉంది కదా అన్నాడు.

నోరీన్ సూట్‌కేసు తెరిచింది. నిండా స్కూలు నోటుపుస్తకాలు. చర్చి వాళ్ళ నోటీసు రెండు పేజీలు. మేమంతా మొదటి పేజీ చదివి ఏడ్చాం. ఆవిడ రెండోది కూడా చదివింది. ఏడేళ్ళకి తక్కువ కాకుండా, మానకుండా సమాధి బాగోగులు చూసినవాళ్ళని కుటుంబంగానే లెక్కిస్తామని అందులో ఉంది. రుజువు చూపించాలి, అంతే.

రుజువు ఆ పుస్తకాల్లో ఉంది. ఎనిమిదేళ్ళ ఆదివారాలన్నీ ఉన్నాయి. తారీకు, ఎండా వానా, క్లైవ్ ఎన్నింటికి వచ్చాడు, ఎంతసేపు కోశాడు, ఆవిడతో ఏం చెప్పాడు. జ్వరం వచ్చి కూతుర్ని పంపిన రెండు వారాలు కూడా ఉన్నాయి. గాలి పీల్చుకోవడం అంటే ఇదన్న మాట. గోడ అవతల కారాపి నేను రేడియో వింటూ ఉంటే ఆవిడ గోడ ఇవతల క్లైవ్‌కి కనపడని మూల కూర్చుని రాసుకునేది.

"ఈ నోటీసు వస్తుందని నీకు ఎనిమిదేళ్ళ కిందట తెలీదు కదా. మరి ఎందుకు రాశావు?" అని అడిగాను.

"దాని గురించి రాసినవాళ్ళంతా దాని తప్పులే రాశారు నెవిల్. దాని కోసం ఒక మనిషి వచ్చాడని కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా" అంది.

క్లైవ్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. నేను ఆపిల్ కాయలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

చర్చి పెద్దలు ముందు రెండు పుస్తకాలు చాలన్నారు. నోరీన్ ఒప్పుకుంటేగా. మొత్తం చదివితేనే లేస్తానంది. ఆ పెద్దలు ముగ్గురూ మధ్యాహ్నం భోజనం మానుకుని చదివారు. చదువుతూ ఉండగా వాళ్ళ మొహాలు మెత్తబడ్డాయి. వాళ్ళలో పెద్దాయన ఒకచోట ఆగి, ఈసారి పూత ముందే వచ్చింది, మంచు కురుస్తుందేమోనని భయంగా ఉంది అని క్లైవ్ బ్రిజెట్‌కి చెప్పిన మాట పైకి చదివి, ఇంతకీ మంచు కురిసిందా అని అడిగాడు. కురవలేదని క్లైవ్ చెప్పాక సంతకం పెట్టాడు.

రాయి మీద ఏం చెక్కించాలన్న దగ్గర మళ్ళీ వారం రోజులు గొడవ. మా అవ్వ అని ఉండాలని క్లైవ్, కుదరదని నోరీన్. చివరికి బ్రిజెట్ కోయిల్, రోజానా ఓడ, హొనోరా తల్లి అని చెక్కించారు. ఆ మూడింటికీ ఆధారాలున్నాయి.

రాయి నిలబెట్టాక వచ్చిన మొదటి ఆదివారం నేను కూడా కారు దిగి లోపలికి వెళ్ళాను. క్లైవ్ చేతిమర పట్టుకుని నిలబడ్డాడు గానీ తోయడం లేదు. ఏమిటంటే, ఇన్నాళ్ళూ అవ్వా అని పిలిచాను, ఇప్పుడేమని పిలవను అన్నాడు.

నోరీన్ అటూ ఇటూ చూసింది. సంఘం వాళ్ళెవరూ లేరు.

"అవ్వా అనే పిలువు. పిలుపుకి కాగితం ఏమిటి" అంది.

క్లైవ్ మర తోయడం మొదలుపెట్టాడు. "అవ్వా, ఈ ఏడు కాయ చిన్నదే గానీ తీపి బాగా పట్టింది" అని చెబుతున్నాడు. గోడ మీద కూర్చున్న నోరీన్ తారీకు వేసింది, ఎండగా ఉందని రాసింది, అక్కడ కలం ఆపింది.

"క్లైవ్, జేబులో కాయ ఉంటే ఒకటి ఇలా ఇవ్వు. తిని చూస్తే గానీ ఆ మాట రాయను."