ఫెబా నౌకరి, సుజన్ పుట్టిన దేశం

అమెరికాలో నర్సుగా చేయాలంటే రాయాల్సిన పరీక్షను మా ఫెబా మూడోసారికి గెలిచింది. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ల వరుసకు అది మొదటి అమెరికా గెలుపు. ఫెబా మా తమ్ముడు శాంతిరాజ్ బిడ్డ. నేను చదివింది రామగిరి బడిలో ఏడో తరగతి వరకే. అయినా బొగ్గుగనిలో రెండుసార్లు ఉత్తమ కార్మికుడిగా శాలువా కప్పించుకున్నాను, మా చర్చిలో సంఘపెద్దగా నిలిచాను. ఫెబా చేత మొదటిసారి అక్షరాలు దిద్దించిందీ నేనే. కాబట్టి ఆమె సంగతి రాసే హక్కు నాకుంది.

రెండో గెలుపు పెళ్లి. నౌకరికి అమెరికా పోయాక అక్కడి చర్చిలో పరిచయమైన సుజన్ తమాంగ్ అనే నేపాల్ అబ్బాయిని చేసుకుంటానని ఫోన్ చేసింది. ఫెబా తల్లి సుసన్నా, అంటే మా మరదలు, నెత్తి పట్టుకుంది.

"గూర్ఖాకా బావా, పిల్లనిచ్చేది?"

"మనం భూమి కిందికి దిగేటోళ్లం, వాళ్లు కొండలెక్కేటోళ్లు. నడుమ నేల మీద కలుస్తరు తియ్యి," అన్నాను.

అల్లుడు బంగారం. ఒక్కటే చిక్కు. అతను అమెరికాకు చదువుకోను పోయిన కొన్నాళ్లకు నేపాల్‌లో భూకంపం వచ్చింది. మీ దేశం కుదుటపడేదాకా ఉండండి అని అమెరికా వాళ్లు నేపాలీలను తాత్కాలికంగా ఉండనిచ్చారు. ఆ గడువు పెంచుతూ, ఇక చాలంటూ, మళ్లీ పెంచుతూ పదేళ్లు లాగారు. మా గనుల్లో బదిలీ వర్కర్ బతుకూ ఇంతే. రోజూ గేటు దగ్గర నిలబడాలి, ఎవరైనా నాగా పెడితేనే డ్యూటీ. నేను అలా నిలబడి నిలబడి పర్మినెంట్ అయినవాణ్ణి. బయటికి పోతే మళ్లీ రానిస్తారో లేదోనని సుజన్ కన్నతల్లిని చూడనూ పోలేదు. చివరికి గడువు నిజంగానే ముగిసేలా ఉందన్నారు. పర్మినెంట్ కార్డు, అదే గ్రీన్ కార్డు, రాకపోతే అతను పెట్టె సర్దుకోవాలి, మా పిల్ల ఒంటరిగా మిగలాలి.

ఫెబా పనిచేసే దవాఖాన ఆమెకు ఆ కార్డు ఇమ్మని అక్కడి సర్కారుకు అర్జీ పెట్టింది. కానీ అక్కడ ఏ దేశంలో పుట్టినవాళ్లకు ఆ దేశపు లైను.

"పెద్దబాపూ, మన లైన్ల నిలవడితే నేను ముసల్దాన్నయినంక కార్డు వస్తదట. ఆలుమగలల్ల ఎవల దేశం లైను చిన్నగుంటే ఇద్దరం అండ్లనే నిలవడచ్చని వకీలు చెప్పిండు. సుజన్‌ది చిన్న లైను!"

"అంటే అల్లుడు నీకు డిపెండెంటు, నువ్వు ఆయన లైనుకు డిపెండెంటు."

"అవు పెద్దబాపూ!"

డిపెండెంటు అనే మాట మా కాలనీలో చంటిపిల్లకూ తెలుసు, తండ్రి గని ఉద్యోగం కొడుక్కు వచ్చేది ఆ పేరుతోనే. సుసన్నా ఆ రోజు నుంచి గూర్ఖా అనడం మానేసింది. "మా నేపాల్ అల్లుడు" అని వీధంతా చెప్పుకొచ్చింది.

ఇక ఇంటర్వ్యూ. పెళ్లి నిజమైనదా, కార్డు కోసం చేసుకున్నదా అని అధికారి అడుగుతారట. డిపెండెంట్ ఉద్యోగాల ఎంక్వైరీకి మా వరుసలో ఎందరినో తయారు చేసిన చేయి నాది. నా పద్ధతి ఒకటే, తండ్రీ కొడుకూ ఒకే మాట చెప్పాలి. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే వీడియో కాల్‌లో ఇద్దరికీ పాఠం పెట్టాను. ముందు ఎవరు లేస్తారు, ఏ కూర ఇష్టం, అన్నీ బట్టీ పట్టించాను.

తీరా అక్కడ, అధికారిణి ఏది అడిగినా ఇద్దరూ సండేస్కూలు పిల్లల్లా ఒకేసారి, ఒకే మాట చెప్పారట. ఆమె కలం కింద పెట్టింది.

"మీరిద్దరూ ఎప్పుడూ పోట్లాడుకోరా?"

"లేదు మేడం," అన్నారు, మళ్లీ ఒకేసారి.

ఆమె ముఖం గంటు పెట్టుకుంది. అప్పుడు ఆమె సుజన్ ఒక్కణ్ణే అడిగింది, నిన్న వంటేమిటని. అది నా పాఠంలో లేదు.

"పచ్చిపులుసు. నేనే చేశాను," అన్నాడు గర్వంగా.

ఫెబా ఆగలేకపోయింది. "దాన్ని పచ్చిపులుసంటరా? పొయ్యి మీద పెట్టి మసలపెట్టినవ్!"

"మరి గిన్నె ఊడ్చుకొని తిన్నదెవలు?" అల్లుడు కూడా తెలుగులోనే, అదీ ఫెబా దగ్గర నేర్చిన మా రామగిరి తెలుగులోనే అందుకున్నాడు.

"ఆకలైతుంటే తిన్న! మా అవ్వ చూస్తె గంటెతోని కొడ్తది!"

"మీ అవ్వ నన్ను ఏమనది. నిన్నే అంటది, మొగనికి నేర్పకపోతివని!" అవ్వంటే ఫెబా తల్లి, మా మరదలు.

అధికారిణికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆమెకూ మొగుడున్నాడు కాబోలు, పకపకా నవ్వి, చాలు చాలని చెయ్యెత్తింది. ఇద్దరికీ కార్డులు వచ్చాయి.

పాఠం బట్టీ పట్టించడం వల్లే ఆ పోట్లాట అంత స్వచ్ఛంగా బయటపడిందని నా అభిప్రాయం. మరదలు ఒప్పుకోదు.

"బావా, గా పాఠం ఇంకో రెండు ప్రశ్నలు నడిస్తె అల్లుడు కట్మాండుల ఉంటుండె!"

పోనీ. ఇప్పుడు అల్లుడు భయం లేకుండా దేశం దాటవచ్చు, తిరిగి పోవచ్చు. ముందు నేపాల్ వెళ్లి తల్లి కాళ్లు మొక్కుతారు. అక్కడి నుంచి ఇద్దరూ మా దగ్గరికే. రామగుండం స్టేషన్‌లో దిగేది 2027 ఫిబ్రవరి 13, శనివారం.